సకినానికి విరిగిన పన్ను

"పీకేయ్ బిడ్డా! పీడ పోతది," అంది గంగవ్వ.

ఆ కేకకు కోరుట్ల బస్టాండులో బయలుదేరబోతున్న జగిత్యాల బస్సు కూడా ఒకసారి బ్రేకు వేసి ఉంటుంది. పళ్ల డాక్టరు దీప్తి మాత్రం తల తిప్పలేదు. కుర్చీలో వెల్లకిలా పడుకున్న సతీశ్ నోట్లో చిన్న అద్దం పెట్టి చూస్తూనే ఉంది.

"ఎల్లుండి నా కొడుకు దుబాయి పోవాలె. పన్ను నొస్తుందంటె ఇమానం ఆగుతదా?"

"ఇమానం ఎల్లుండి కాకపోతె ఇంకోటి దొరుకుతది అవ్వా. గీ పన్ను పోతె మళ్ల మొలవది."

గోడకు ఆనుకుని నిలబడ్డ అనూష ఊపిరి బిగబట్టి వింటోంది. ఆమె చేతిలో మొగుడి ఫోను, చేతిరుమాలు ఉన్నాయి. కుర్చీ ఎక్కేముందు జేబు ఖాళీ చేసి ఇచ్చాడు. అతణ్ని ఉండిపొమ్మనాలని ఆమెకు ప్రతి సెలవులోనూ నాలుక చివరిదాకా వస్తుంది. కానీ అతను ఎప్పుడూ "పోవాలె గదా" అనే అంటాడు తప్ప, పోవాలని లేదని ఒక్కనాడూ అనలేదు. అననివాణ్ని ఏమని ఆపుతుంది?

ఆపింది సకినమే. పొద్దున దుబాయి బ్యాగు సర్దుతున్నారు. ఆ ఇంట్లో దుబాయి బ్యాగంటే సగం సకినాలే. రూములో ఉండే మనవాళ్లందరికీ పంచాలి. పిండి కలుపుతున్నంతసేపూ అనూష మనసు పిండి మీద లేదు. దాంతో ఈసారి సకినాలు కొండగట్టు రాళ్లకు పోటీగా తయారయ్యాయి. ఒకటి జారిపడితే గచ్చు పగిలిందని కూతురు సౌమ్య సాక్ష్యం కూడా చెప్పింది. ఎట్ల కుదిరాయోనని సతీశ్ ఒకటి కొరికాడు. టక్కుమంది. దవడ పట్టుకుని కూలబడి, అరచేతిలోకి తెల్లటి ముక్క ఒకటి ఉమ్మేశాడు.

ఆ టక్కు వినగానే అనూష మనసు గంతేసింది. వెంటనే సిగ్గుపడి ఉప్పునీళ్లు తేవడానికి పరుగెత్తింది.

దీప్తి అద్దం పక్కన పెట్టి, ఎక్స్‌రే చూపించింది. "పుచ్చు లోతుకు పోయింది గని నరం ఇంక మంచిగనే ఉన్నది. మొత్తం ఒక్కసారే తొవ్వితె నరం బయటపడ్తది. అందుకని కొంచెం కొంచెం తీసి, మందు పెట్టి మూసేస్త. కొన్ని వారాలు ఆగితె లోపట గట్టిపడ్తది. అప్పుడు మళ్ల తెరిచి పూర్తి చేస్త. దేవుడిచ్చిన పన్ను అట్లనే ఉంటది."

"వారాలా! ఒక్క పన్నుకా?" గంగవ్వ బోసి నోరు తెరిచి చూపించింది. "నాకొక్కటి లేదు. కోడి బొక్కలు నములుతలేనా?"

"నములుతున్నవ్. బొక్కలే బాధపడ్తున్నయి," అంది దీప్తి.

"గా దుబాయిల డాక్టర్లు లేరా?"

"ఆడ డ్యూటీ ఇడిసి ఎన్నిసార్లు పోనిస్తరే అమ్మా!" దూది నిండిన నోటితో సతీశ్ అన్నాడు. "నొప్పంటె పీకుడే."

"కంపెనీకి నేను కాగితం రాసిస్త," అంది దీప్తి.

అనూషకు ఇంట్లో నల్లా పక్కన గూడు గుర్తొచ్చింది. అతను వెళ్లిన ప్రతిసారీ ఆ గూట్లో పాత బ్రష్షు ఒంటరిగా మిగిలిపోతుంది. ఎండిన దాన్ని చూడలేక ఆమె అప్పుడప్పుడు నీళ్లతో తడిపి పెడుతుంది. ఎవరో ఇప్పుడే పళ్లు తోముకుని ముందరింట్లోకి వెళ్లినట్టుంటుంది.

"ఉంచుండ్రి మేడం," అంది. అత్త ముందు ఆమె గొంతు అంత గట్టిగా రావడం అదే మొదటిసారి. "పన్ను ఉంచుండ్రి. పీకొద్దు."

గంగవ్వ కోడలి వైపు అదోలా చూసింది. ఈలోగా తండ్రి కాళ్ల దగ్గర నిలబడ్డ సౌమ్య అందుకుంది.

"డాడీ పన్ను పీకొద్దు. పీకితె మళ్ల ఇంటిమీద ఇసరాలె. డాడీకి ఇసరరాదు."

"ఎందుకు రాదే?" అంది దీప్తి.

"నా పన్ను ఊడినప్పుడు, నేనొచ్చినంక ఇసురుదమని ఫోన్ల చెప్పిండు. అగ్గిపెట్టెల దాసిపెట్టిన. వచ్చి ఇసిరిండు గని రేకుల మీద సప్పుడే రాలే. గందుకే నాకు కొత్తది మొలుస్తలేదు."

"గంత జోరుగ ఇసిరితె రేకుల మీద ఎందుకు పడ్తది? మెట్‌పల్లిల పడ్డది," అన్నాడు సతీశ్.

గంగవ్వకు నవ్వొచ్చింది. నవ్వాక కోపం నిలవలేదు. "సరే తియ్. టికెట్లు చేసే ప్రభాకర్‌కు ఫోన్ చెయ్ కొడుకా. తారీఖు జరుపుమను."

సతీశ్ కుర్చీలోంచి ఎంత వేగంగా దిగాడంటే, పంటినొప్పి ఉన్న మనిషి అలా దిగడం దీప్తి ఆ క్లినిక్కులో ఎన్నడూ చూడలేదు. అనూష చేతిలోంచి ఫోను లాక్కుని బయటికి పరుగెత్తాడు. వెనకే గంగవ్వ, సౌమ్య వెళ్లారు.

రుమాలు మాత్రం అనూష చేతిలోనే మిగిలింది. దాని మూలన చిన్న ముడి ఉంది. విప్పింది. పొద్దున ఉమ్మేసిన తెల్లటి ముక్క.

"మేడం, విరిగిన ముక్కను గూడ అతికిస్తరట గదా? ఫోన్ల చూసిన. నా సకినానికే విరిగింది మేడం. ఇది గూడ పోకుండ చూడుండ్రి."

దీప్తి ఆ ముక్కను దీపం కింద అటూ ఇటూ తిప్పింది. ఎక్స్‌రే వైపు ఒకసారి, తలుపు అవతల ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్న సతీశ్ వైపు ఒకసారి చూసింది. తర్వాత ముక్కను అనూష అరచేతిలో పెట్టి, మెల్లగా వేళ్లు మూసింది.

"నీ సకినం ఏం చెయ్యలేదమ్మా. మీ ఆయన పన్ను ఏడ గూడ విరగలే. ఇది చిన్నపిల్లల పాలపన్ను."