అట్ట దగ్గర ఆగింది

జనాన్ని రేవు దాటించే పంటు గోదావరి మధ్యకు వచ్చేసరికి గాలి ఒక్క విసురు విసిరింది. కామేశం మాస్టారి చేతిలోని బొమ్మ లేచి, రెండు పల్టీలు కొట్టి, నీళ్ల మీద వెల్లకిలా పడింది.

"అయ్యో, ఏంటండీ మాస్టారూ అది?" సైకిలు పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషి అడిగాడు.

"మా ఆవిడండి," అన్నాడు కామేశం. ఆ మనిషి కంగారు పడేసరికి, "బొమ్మ," అని చేర్చాడు. వాక్యం మధ్యలో ఆపకూడదని పిల్లలకు రోజూ చెప్పే తెలుగు మాస్టారాయన.

బొమ్మ కాగితం చుట్టలో భద్రంగానే ఉండేది. ఇంకేం తప్పులున్నాయో చూద్దామని ఆయనే విప్పాడు.

అది పుస్తకానికి అట్ట. భార్య మాణిక్యాంబ పోయిన పన్నెండో రోజున బంధువులందరి ముందు ఆయన ఒక మాట అన్నాడు. "సంవత్సరీకానికి పేరు చెక్కించిన స్టీలు గ్లాసులు పంచను. ఆవిడ మీద పుస్తకం పంచుతాను." అందరూ మెచ్చుకున్నారు. మాణిక్యాంబ తల్లి వెంకటరత్నమ్మ మాత్రం కళ్లొత్తుకుని, "నేనుండగానే వచ్చేలా చూడండి బాబూ. ఎవరిచేతైనా ఒక్కసారి చదివించుకుంటాను," అంది. అట్టబొమ్మ వెయ్యడానికి మాణిక్యాంబ తమ్ముడు విష్ణు ఒప్పుకున్నాడు. అతను రాజమండ్రిలో పత్రికలకు బొమ్మలు వేస్తాడు.

ఆ మొదటి బొమ్మని చూపించడానికే కామేశం సఖినేటిపల్లిలో ఉన్న అత్తగారి దగ్గరికి బయల్దేరాడు. వట్టి చేతులతో వెళ్లి జరిగింది చెప్పాడు.

"పోన్లెండి బాబూ," అంది వెంకటరత్నమ్మ. "బతికుండగా దాన్ని పంటెక్కించాలంటే మీకు తలప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు ఒక్కతే వెళ్లిపోయింది. పుస్తకం ఎంతవరకూ వచ్చింది?"

"అట్ట దగ్గర ఆగిందండీ."

సాయంత్రం నరసాపురం తిరిగొచ్చి, ఎస్టీడీ బూతు నుంచి విష్ణుకి ఫోన్ చేశాడు.

"పోతే పోయింది బావా, ఇంకోటి వేస్తాను. అసలందులో తప్పేంటి?"

"పట్టుచీర, తలనిండా పూలు, వెనక వెలుగు. మీ అక్క చేతిలోంచి నాణేలు రాలడం ఒక్కటే తక్కువ."

"సరే. పేజీలెన్నో చెప్పండి. దాన్నిబట్టే పుస్తకం వెన్ను మందం ఉంటుంది. పేరు దానిమీద కూడా వెయ్యాలి కదా."

"రెండొందలు అనుకో."

రెండో అట్ట పోస్టులో వచ్చింది. సాయంకాలపు గోదావరి, ఒంటరి పడవ.

"పడవేంట్రా? పంటెక్కితే నా చొక్కా పట్టుకుని కళ్లు మూసుకునేది."

"అది పడవ కాదు బావా, జీవితం."

"అయితే కింద జీవితమని రాయి. లేకపోతే అందరూ పడవే అనుకుంటారు. పేజీలు నూట ఇరవై చేసెయ్."

"తగ్గించారేంటి?"

"అనవసరమైన మాటలు ఉండకూడదు."

విష్ణు నమ్మాడు. పిల్లల వ్యాసాల్లో విశేషణాలు కొట్టేసి కొట్టేసి బావగారు ఎన్ని ఎర్రసిరా బుడ్లు ఖాళీ చేశారో అతనికి తెలుసు.

మూడో అట్ట మీద ఆరిపోయిన దీపం, సన్నటి పొగ.

"పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటనలా ఉంది. పక్కన నా ఫోటో వేసి, ఇట్లు దుఃఖతప్తుడు అని రాస్తే సరిపోతుంది. పేజీలు అరవై చాలు."

"అంత సన్నటి వెన్ను మీద పేరు పట్టదు."

"అయితే వెన్నే వద్దు. మధ్యలో పిన్నులు కొట్టిద్దాం."

"ఇలా తగ్గించుకుంటూ పోతే శుభలేఖ అవుతుంది బావా. రాసింది ఒకసారి పంపండి, చదివి బొమ్మ వేస్తాను."

"చూపించేటట్టు లేదురా."

"మీ చేతిరాతకేం, ముత్యాలు."

"ముందు అట్ట తేలనీ."

స్టాఫ్‌రూములో ఎవరడిగినా అదే జవాబు. నెలలు గడిచేకొద్దీ అడిగేవాళ్లు తగ్గి, "ఈ ఆర్టిస్టులతో ఇంతేనండి," అని ఓదార్చేవాళ్లు పెరిగారు. బావమరిది మీద పడుతున్న ఆ నిందని మాస్టారు ఖండించలేదు.

సంవత్సరీకం నెల్లోపలికి వచ్చేసింది. విష్ణుకి ఓపిక అయిపోయింది.

"మీరే చెప్పండి బావా. కళ్లు మూసుకుంటే అక్క ఎలా కనబడుతుంది?"

బూతులో మీటరు మీద అంకెలు మారుతున్నాయి. కామేశం వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"కంచం," అన్నాడు చివరికి.

"ఏంటీ?"

"స్కూల్లో ఆలస్యమైతే కంచంలో వడ్డించేసి, మీద ఇంకో కంచం బోర్లించేది. నేనొచ్చేదాకా తను తినేది కాదు. తిన్నానని చెప్పేది."

"ఇది పుస్తకంలో ఉందా?"

"లేదు."

"ఎందుకని?"

"అన్నీ రాసేస్తామా."

వారం తిరక్కుండా విష్ణు బొమ్మ పట్టుకుని తనే వచ్చాడు. ఇద్దరూ పంటెక్కి సఖినేటిపల్లి వెళ్లారు. చుట్ట విష్ణు చంకలోనే ఉంది. బావని ముట్టుకోనివ్వలేదు.

నేల మీద పీట. దాని ముందు కంచం, ఆ కంచం మీద బోర్లించిన ఇంకో కంచం. పక్కన మంచినీళ్ల గ్లాసు. మనుషులెవరూ లేరు.

వెంకటరత్నమ్మ బొమ్మని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. పై కంచాన్ని వేలితో నిమిరింది.

"వంకాయ కూరే అయ్యుంటుంది," అంది. "దానికి కుదిరేది అదొక్కటే."

ముగ్గురూ నవ్వారు. ముందు కామేశం నవ్వు ఆగింది.

"ఇందులో తప్పేంటో చెప్పండి బావా," అన్నాడు విష్ణు.

కామేశం అంచులు చూశాడు. రంగులు చూశాడు. పేరులో అక్షరాల మధ్య ఖాళీలు చూశాడు. తిరగేసి వెనక కూడా చూశాడు.

"ఏమీ లేదు," అన్నాడు, పరీక్ష తప్పినవాడిలా.

"హమ్మయ్య," అంది అత్తగారు. "అయితే ఇంక దేనికీ ఆగక్కర్లేదన్నమాట."

"రాతప్రతి ఇచ్చెయ్యండి బావా. రేపే ప్రెస్సుకి ఇచ్చేస్తాను." విష్ణు చెయ్యి చాపాడు.

కామేశం ఇంకా ఒక్క వాక్యం కూడా రాయలేదు.