హతసాక్షుల గోడ మీద కొత్త పేరు

“ఇది ఏ భాష, వసుమతీ?”

క్యూరేటర్ హెలెన్ టార్చిలైటు బల్ల మీది సున్నపు పెళ్ళపై పడింది. ఎగ్జిబిషన్ కోసం రోమ్ నుంచి ఎరవు తెచ్చిన గోడ పెళ్ళ అది. పదహారు వందల ఏళ్ళ నాడు, క్రీస్తు కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల సమాధి దగ్గర భక్తులు గోడ గీకి, “మా విక్టర్‌ని తలుచుకోండి” అంటూ తమవాళ్ళ పేర్లు రాసుకున్నారు. వాటి కింద ఇప్పుడు తెల్లగా, కొత్తగా, ‘అమ్మ’ అని ఉంది.

వసుమతి వంగి చూసింది. న్యూజెర్సీలోని ఆ చిన్న మ్యూజియం మొత్తానికి తెలుగు మనిషి తనొక్కతే.

“తెలుగు” అంది.

“మధ్యాహ్నం నీ పర్మనెంట్ ఉద్యోగం సంగతి బోర్డు తేలుస్తుంది. ఈలోపు ఎవరు రాశారో చెప్పు.”

ఎవరో ఆమెకు తెలుసు. శనివారం బేబీసిట్టర్ రాకపోతే ఎనిమిదేళ్ళ కూతురు రేణుని వెంట తెచ్చింది. తెచ్చి ఊరుకుందా? ఈ గీతల కథంతా చెప్పి, “నేనూ పరీక్షలప్పుడు గుడి గోడ మీద నా హాల్‌టికెట్ నంబర్ రాశానే, పాసయ్యాను” అని గొప్పలు పోయింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

ఈ ఉద్యోగం కోసమే భర్త శ్యామ్‌సుందర్‌ని కాలిఫోర్నియా సన్నీవేల్‌లో వదిలి ఇక్కడ నెట్టుకొస్తోంది. ఆదివారం నాన్నతో లాంగ్ డిస్టెన్స్ కాల్ పెట్టేశాక రేణు ఏడుపు ఆపడం ఆమె తరం కాదు.

“శనివారం నీ కూతురు వచ్చింది కదూ? ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ పిల్లని కూర్చోబెట్టి అడుగుతారు” అంది హెలెన్.

“దాన్ని లాగొద్దు. రాసింది నేనే.”

“నువ్వా? దూదితో దుమ్ము తుడవడానికే భయపడే నువ్వా?”

“నేనే.”

హెలెన్ చెయ్యి చాపింది. “తాళాలు ఇచ్చెయ్” అంది.

సాయంత్రం స్కూలు ముందు కారెక్కిన రేణు, తల్లి ఎర్రబడ్డ కళ్ళు చూసి బిక్కచచ్చిపోయింది.

“మమ్మీ, ఆర్ యూ మ్యాడ్?”

“లేదమ్మా.” వసుమతికి కోపం ఎప్పుడో పోయింది. పిచ్చిపిల్ల, తన కోసం దేవుణ్ణి అడిగింది. ఉద్యోగం పోతే పోయింది. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. “ఆ గోడ మీద రాశావుగా, మమ్మీకి జాబ్ రావాలనేనా, బంగారం?”

రేణు తల అడ్డంగా ఊపింది.

“నో మమ్మీ, రాకూడదని.”