ఆమేన్ అనని పెట్టె

కెజియాకు అన్నిటికన్నా పెద్ద భయం, తన కూతురు దేవుణ్ణి వదిలి పెట్టెకు మొక్కుతుందేమోనని. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ప్రార్థన చదివే కరెంటు పెట్టె ఉంది. అది ఆమేన్ అంటే తప్ప ఎవరూ మోకాళ్ల మీద నుంచి లేవరు. యేసుప్రభువు పటాన్ని విగ్రహమంటూ గోడ మీద నుంచి తీయించిన అత్త సలోమే ఈ పెట్టెకు మాత్రం రోజూ అభిషేక నూనె రాస్తుంది.

ఆ సాయంత్రం ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. పెట్టె మూగబోయింది.

"లేవండత్తా, ఆమేన్ నేనంటాను."

"నువ్వంటే చెల్లుద్దా? ఏడో తరగతిలోనే బడి మానేసినదానివి!"

కెజియా కూతుర్ని ఎత్తుకోబోయింది. పిల్ల విదిలించుకుంది.

"పెట్టె అనలేదుగా అమ్మా. దానికి కోపమొచ్చుద్ది."

చీకటి పడినా అత్తా, పిల్లా కదల్లేదు.

మీ వీధిలోనూ కరెంటు పోయి ఉంటే, పక్కింటి ముసలమ్మ మోకాళ్ల మీద నుంచి లేచిందో లేదో ఒక్కసారి చూసి రండి.