మొక్కు పిట్ట

బోధన్ పశువుల దవాఖాన ముందు చెరుకు బండ్ల ఎడ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి నడుమ శారమ్మ ఒళ్ళో పంజరం పెట్టుకుని కూర్చుంది. అందులో పిడికెడంత లవ్‌బర్డ్. ఒళ్ళు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని, ఉండుండి తుమ్ముతోంది.

"గీ పిట్ట పూటకెన్ని లీటర్లు ఇస్తదక్కా?" అన్నాడు ఎడ్లతో వచ్చిన భూమన్న.

అందరూ నవ్వారు. శారమ్మ నవ్వలేదు. పక్కనున్న భర్త ఏసయ్యా నవ్వలేదు. చక్కెర ఫ్యాక్టరీలో గానుగ సీజన్‌లో సెలవు అడగడమంటే పులి నోట్లో తలకాయ పెట్టడమే. ఏసయ్య ఆ పని కూడా చేసి వచ్చాడు. పెళ్ళాం మీద ఎంత ప్రేమో అనుకున్నారు చూసినవాళ్ళు.

నిజానికి అది పిట్ట గొడవ కాదు. కూతురి కడుపులో బిడ్డ గొడవ.

కూతురు ఎస్తేరుకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు, పుట్టింట్లో ఉన్న ఆమెకు దిగులు తగ్గుతుందని అల్లుడు నిజామాబాద్‌లో లవ్‌బర్డ్స్ జంట కొనితెచ్చాడు. ఆ రోజే శారమ్మ మొక్కుకుంది.

"ప్రభువా, గీ పాలి కడుపు నిలబెట్టు. కోత పండుగకు ఒక పిట్ట నీదే."

మొక్కిన కోడికి గుర్తు పెట్టినట్టు ఒక పిట్ట కాలికి ఎర్ర దారం కట్టింది. ఆ దారం లేకపోతే ఏది ఏదో వాటి తల్లి కూడా చెప్పలేదు.

కడుపు నిలిచింది. కోత పండుగ దగ్గరపడింది. పంటలో మొదటి భాగం చర్చికి తెచ్చి ఇచ్చి, అక్కడే హర్రాజు పాడుకునే పండుగ అది. సరిగ్గా అప్పుడే దారం లేని పిట్టకు తుమ్ములు మొదలయ్యాయి.

శారమ్మ మంచి మనిషే. కానీ మంచివాళ్ళ బుద్ధి కూడా ఒక్కోసారి గడ్డి తింటుంది. ఎట్లాగూ ఒకటి పోయేదే కదా, ఆ పోయేదేదో రోగంది పోతే ఏం? దేవుడికి బాగు చేసుకోవడం ఎంత పని? పండుగ పొద్దున ఏసయ్య స్నానానికి వెళ్ళగానే ఎర్ర దారం విప్పి రెండో పిట్టకు కట్టేసింది. అతను రాగానే ఏమీ ఎరగనట్టు చర్చికి పూలు కోయడానికి పెరట్లోకి పోయింది.

చర్చిలో వడ్లు, చెరుకు గడలు, గుమ్మడికాయల పక్కన దారం కట్టిన పిట్టను ఏసయ్యే స్వయంగా పెట్టాడు. హర్రాజులో జ్ఞానమ్మ టీచరు పాడుకుంది.

ఆ రోజే పాస్టరయ్యకు వేరే ప్రసంగం దొరకలేదు కాబోలు. దేవుడికిస్తామన్న దాంట్లో దాచుకుని నిలబడ్డ చోటే కూలిపోయిన మొగుడూ పెళ్ళాల కథ చెప్పాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు శారమ్మ కొంగు సర్దుకుంది. ఏసయ్యకు దగ్గు తెర వచ్చి బయటికి వెళ్ళాడు.

ఇంటికొచ్చేసరికి, ఉంచుకున్న పిట్ట తుమ్మింది.

శారమ్మ దారం లేని దాని కాళ్ళు రెండుసార్లు చూసుకుంది. అక్కడ జ్ఞానమ్మేమో కనిపించినప్పుడల్లా, "మీ పిట్ట ఒకటే కూత శారమ్మా, మంచి హుషారు మీదున్నది" అంటోంది. దేవుడు తన పిట్టను బాగు చేసుకుని, రోగాన్ని మాత్రం వెనక్కి పంపించాడు. ఇవాళ పిట్ట. రేపు? ఇంట్లో ఎస్తేరు ఎనిమిదో నెల కడుపుతో ఉంది. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె, రసం తీసుకోవడానికి కూడా పోలేదు, తలనొప్పి అంది. ఏసయ్యా పోలేదు. పన్ను సలుపుతోంది అన్నాడు.

డాక్టర్ ఆత్మారాం పిట్టను అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఎద్దుకైతే సూది యాడ గుచ్చాల్నో నాకెరుకే. దీనికి యాడ గుచ్చాలె?" అని నవ్వి, ముక్కూ రెక్కలూ చూశాడు. "పాత జలుబే ఇది. నెల నుంచి ఉన్నట్టుంది. ఇన్ని దినాలు ఏం జేసిండ్రు?"

"లే సార్, మొన్న పండుగ దాక మంచిగనే ఉండె!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

డాక్టర్ సొరుగు తెరిచాడు. మాత్ర నూరి నీళ్ళలో కలిపి ఇంకు ఫిల్లర్‌తో రెండు చుక్కలు పోశాడు.

"చలిగాలి తగలనియ్యకుండ్రి. బతుకుతది."

ఆ మాటతో శారమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. దేవుడు ఇంకొక్క తడవ అవకాశమిచ్చి చూస్తున్నాడు. ఇప్పుడూ దాస్తే బిడ్డ మీదికే వస్తుందనిపించింది.

ఏసయ్య సైకిల్ తొక్కుతున్నాడు. వెనక పంజరం మీద కొంగు కప్పి కూర్చున్న శారమ్మ, ఫ్యాక్టరీ దాటగానే నోరు విప్పింది.

"ఇంటున్నవా, నేను పాపం జేసిన. పండుగ పొద్దుగాల నువ్వు తానానికి పోంగనే, దారం విప్పి రోగం పిట్టకు కట్టిన. మంచిదాన్ని మనకే దాసుకున్న. అందుకే గిది గిట్లయింది."

సైకిల్ ఆగింది. తిడతాడనుకుంది. కొట్టినా పడదామనుకుంది. ఏసయ్య దిగి, కొంగు తొలగించి పిట్ట వంక చూశాడు. పిట్ట తుమ్మింది.

"నువ్వు పూలకు పోయినప్పుడు, దారమున్నదే మంచిదనుకొని, రోగందే దేవునికి పోనీ అని, నేను గూడ విప్పి రెండోదానికి కట్టిన శారమ్మా" అన్నాడు.