తారాజువ్వకు డ్రిల్లు

"కూర్చో!"

కూర్చోలేదు. సోఫా మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి కిటికీ దాకా ఎగిరి, వస్తూ వస్తూ అటెన్షన్ మాస్టారి టోపీ నోట కరచుకుని మంచం కిందికి దూరింది తారాజువ్వ.

ఆయన పోలీసు శిక్షణ కేంద్రంలో డ్రిల్లు మాస్టారు. ఆయన నోట "అటెన్షన్" అన్న మాట రాగానే మైదానంలో వందలమంది కుర్రాళ్ళు కొయ్యబొమ్మలైపోతారు. గోడ అవతల రోడ్డు మీద పోతున్న పెద్దమనిషొకడు ఆ అరుపు విని, కూరల సంచీ కింద పడేసి, చేతులు తిన్నగా పక్కలకి ఆనించాడని కూడా చెప్పుకుంటారు. ఆ మనిషే ఇప్పుడు పొట్ట నేలకానించి, మంచం కిందికి తొంగి చూస్తూ, "టోపీ ఇచ్చెయ్యవే తల్లీ, డ్యూటీకి టైమైంది" అని బతిమాలుతున్నాడు.

"దానికి మర్యాదగా చెప్పాలి నాన్నా," అంది కూతురు నవ్వాపుకుంటూ.

"ఇంతకంటే మర్యాదంటే కాళ్ళు పట్టుకోవడమే. నాలుగున్నాయి, ఏవి పట్టుకోమంటావ్?"

ఈ స్పానియల్ జాతి కుక్కపిల్లని తెచ్చింది ఆయనే. "చురుకైన జాతి సార్, వేటలో పనిచేసిన వంశం," అన్నాడు అమ్మినవాడు. చురుకు మంచిదే కదా అనుకున్నాడు మాస్టారు. పొద్దస్తమానం పొదల్లో దూరి పిట్టల్ని లేపడానికి పుట్టిన ప్రాణి మూడు గదుల ఇంట్లో ఏం చేస్తుందన్న ఆలోచన ఆయనకి రాలేదు. దిండ్లే పొదలయ్యాయి. వాటిలో దూది పిట్టలయింది.

కుక్కల బడి మేడమ్ దాన్ని చూడగానే తేల్చేసింది.

"దీనికి పరుగు కావాలి, పని కావాలి. రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదీ మైదానానికి తీసుకెళ్ళండి. బంతి దాచి వెతికించండి. ముఖ్యంగా మీరుండాలి సార్. మీ మాటే కదా విననిది!"

అంతవరకూ ఆయన ఇల్లు చేరేసరికి కూతురు నిద్రలో ఉండేది. ఇప్పుడు వెలుగుండగానే రావాల్సొచ్చింది. ముగ్గురూ గడ్డిలో బంతి దాచేవారు. తారాజువ్వ ముక్కు నేలకి రాస్తూ, తోక గిరగిరా తిప్పుతూ వెతికి తెచ్చి ఆయన చేతిలో పెట్టేది. కూతురు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేయగలదని ఆయనకి అప్పుడే తెలిసింది. భార్య తనకంటే జోరుగా పరిగెత్తగలదని తెలిసింది కూడా అప్పుడే, కాస్త సిగ్గుతో.

మైదానంలో బంగారం. ఇంటికొస్తే మళ్ళీ పాత కథే. ఆయన బూట్లు విప్పేలోపే కర్టెను పట్టుకుని వేలాడేది.

"అక్కడ వింటుంది, ఇంట్లో వినదేం?" అని మేడమ్‌ని నిలదీశాడు.

ఆవిడ ఎటో చూస్తూ గొంతు సవరించుకుంది. "కొన్నాళ్ళు పడుతుంది సార్. మీరు మాత్రం మానొద్దు."

లోపం తన గొంతులోనే ఉందని తీర్మానించుకున్నాడు మాస్టారు. స్నానాల గదిలో తలుపేసుకుని, మెత్తగా, గట్టిగా, లాలనగా, కోపంగా "కూర్చో" అని సాధన చేశాడు. భార్య తలుపు కొట్టింది.

"ఏవండీ, కూర్చోడానికి లోపల ఎవరున్నారు?"

అలాంటి రోజుల్లోనే పై అధికారి పిలిచి చల్లటి కబురు చెప్పాడు. "దూరంగా కొత్త కేంద్రం పెడుతున్నారు మాస్టారూ. దానికి పెద్ద మీరే. క్వార్టర్లో ఒక్కరే ఉండాలి, నెలకోసారి ఇంటికి వెళ్ళిరావచ్చు."

ఏళ్ళ తరబడి కలగన్న కుర్చీ. ఇంటికొచ్చి చెప్పాడు. భార్య కూతురి వైపు ఓసారి చూసింది.

"మీరు కోరుకున్నదే కదా. సంతోషంగా వెళ్ళండి. కుక్క సంగతి మేం చూసుకుంటాం."

ఆ మాట పూర్తి కాకముందే భోజనాల బల్ల మీది గుడ్డ, దాని మీది గ్లాసులతో సహా, నేలకూలింది. గుడ్డ చివర తారాజువ్వ నోట్లో ఉంది.

"ఏం చూసుకుంటావ్! నేనుండగానే ఇలా ఉంటే, లేనప్పుడు గోడలు తినేస్తుంది."

"అదీ నిజమేలెండి," అంది భార్య గాజుపెంకులు ఏరుతూ.

"కుక్క కాస్త కుదుటపడగానే చేరతాను సార్," అంటూ వచ్చాడు మాస్టారు. అది కుదుటపడలేదు. అధికారికి ఓపిక చచ్చింది.

"ఇవాళ ఒప్పుకోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఏమంటారు?"

ఒప్పుకుందామనే నోరు తెరిచాడు. చీకటి పడబోయే మైదానం, గడ్డిలో పరిగెత్తే తల్లీ కూతుళ్ళూ కళ్ళముందు మెదిలారు.

"ఇచ్చెయ్యమనండి సార్."

"ఒక కుక్క కోసమా?"

"కుక్క కోసమే సార్," అన్నాడు ఆయన, అధికారి కళ్ళలోకి చూడకుండా.

మనసు తేలికై, ఆ పూట రోజూకంటే ముందే ఇంటికి బయల్దేరాడు. గేటు తీస్తుంటే లోపల చప్పుడే లేదు. కుక్కకేమైందోనని కంగారుగా కిటికీలోంచి చూశాడు.

తారాజువ్వ చాప మీద, ముందు కాళ్ళు జోడించుకుని, ఆయన దగ్గర శిక్షణ పొందిన ఏ కుర్రాడూ కూర్చోలేనంత పద్ధతిగా కూర్చుని ఉంది. ముక్కు ముందు బిస్కెట్టుంది, ముట్టలేదు. కర్టెన్లు తిన్నగా వేలాడుతున్నాయి. కూతురు లెక్కలు చేసుకుంటోంది. మాస్టారు కళ్ళు నులుముకున్నాడు.

భార్య గడియారం వైపు చూసి, చేతిలో కుట్టుపని పక్కన పెట్టి, కూతురితో అంది.

"నాన్నొచ్చే వేళైంది, ఇక దానికి 'అల్లరి' అని చెప్పు."