ఇడ్లీ రేకుల్లో మోమోలు

ఇడ్లీ రేకు గుంటలో మోమో అతుక్కుపోయింది.

నాన్న స్పూనుతో లేపబోతే పైతోలు చిరిగింది, లోపలి క్యాబేజీ బయటికొచ్చింది, అడుగు మాత్రం గుంటలోనే ఉండిపోయింది.

"నూనె రాయలేదా నాన్నా?"

"రాయాలా? ఇడ్లీలు ఎప్పుడూ మీ అమ్మే కదా..." అని ఆగిపోయాడు.

ఇద్దరూ విడిపోయినప్పుడు టీవీ అమ్మ ఉంచుకుంది, ఇడ్లీ పాత్ర నాన్నకిచ్చేసింది. ఏడాదైంది. నాన్న ఇందులో ఇప్పటిదాకా ఒక్క ఇడ్లీ కూడా వేయలేదు.

ఇవాళ మోమోలు.

నాన్న ఉండేది ఘాజియాబాద్‌లో, మెట్రో దిగాక ఆటోలో పది నిమిషాలు, మూడో అంతస్తు, రెండు గదులు. ప్రతి ఆదివారం పదింటికి వస్తాను, ఐదింటికి వెళ్లిపోతాను. కోర్టు అలా చెప్పింది.

మొన్న శుక్రవారం జడ్జిగారు నన్నొక్కదాన్నే తన గదిలోకి పిలిచారు. అమ్మ, నాన్న, లాయర్లు అందరూ బయట. అమ్మకి హైదరాబాద్ బదిలీ అయింది కదా, అమ్మతో వెళ్తావా, ఇక్కడ నాన్న దగ్గర ఉంటావా అని అడిగారు.

అమ్మతో, అన్నాను.

ఎందుకు బేటా, అన్నారు. భుజాలెగరేశాను. ఆవిడ ఏదో రాసుకున్నారు.

తీర్పు మంగళవారం. అప్పటిదాకా నేనేం చెప్పానో నాన్నకి తెలీదు. పిల్లని ఏమీ అడగొద్దని నాన్న లాయరు నేహా మేడమ్ గట్టిగా చెప్పిందట.

అందుకని నాన్న అడగడు.

"ఆ గదిలో ఏసీ ఉందా?" అన్నాడు, మైదా ముద్ద నుంచి ఉండలు తుంచుతూ.

"ఉంది."

"కుర్చీ మరీ ఎత్తుగా లేదు కదా? కాళ్లు ఆనాయా?"

"నాకు పధ్నాలుగేళ్లు నాన్నా."

"అచ్ఛా, అచ్ఛా."

ఒక ఉండ ఒత్తాడు. గుండ్రంగా రాలేదు.

"తాగడానికేమైనా ఇచ్చారా?"

"మామిడి జ్యూస్. డబ్బాది."

"చల్లగా ఉందా?"

"మామూలుగా ఉంది."

"హిందీలో మాట్లాడావా, ఇంగ్లీషులోనా?"

"హిందీ."

"చాలాసేపు మాట్లాడావా?"

అది అడగకూడనిదానికి బాగా దగ్గరికొచ్చేసింది. నాన్నకీ తెలిసినట్టుంది. వెంటనే కొళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాడు.

నేను చిరిగిన మోమోలోంచి కొంచెం నోట్లో వేసుకున్నాను. పంటికింద ఏదో కరకరలాడింది.

"నాన్నా, ఇందులో పోపు పెట్టావా?"

"క్యాబేజీకి పోపు లేకుండా ఎలారా?"

"ఇది కూర కాదు."

"వీడియోలో ఆ అమ్మాయి ఉత్త వెల్లుల్లి వేసి ఊరుకుంది. చప్పగా ఉంటుందని నేనే కాసిని ఆవాలు, మినప్పప్పు..."

"కరివేపాకు కూడా ఉంది."

"జుట్టుకి మంచిది."

"మా స్కూలు గేటు దగ్గర మోమోల భయ్యా చూశాడంటే నిన్ను కొడతాడు."

"వాడికో ప్లేటు పట్టుకెళ్లు. నేర్చుకుంటాడు."

నవ్వాను. నా ముఖం నవ్వుతోంది, నేను పక్కన నిలబడి చూస్తున్నాను, అలా అనిపించింది.

రెండో వాయికి మిగతా రేకుల గుంటలన్నిటికీ నేనే నూనె రాశాను. నాన్న మోమోలు మడవడం రాక కజ్జికాయల్లా మడిచాడు, అంచులు అల్లాడు కూడా, అదొక్కటీ భలే నీటుగా వచ్చింది. రేకు మీద రేకు పెట్టి మూత వేశాం. పన్నెండు నిమిషాలు ఇద్దరం ఆ మూత వైపే చూస్తూ నిలబడ్డాం.

ఈసారి అతుక్కోలేదు.

"హో గయా!" అని నాన్న అరిచాడు, నా చేతి మీద చెయ్యి కొట్టాడు, అరచేతికి మైదా అంటుకుంది.

ఎన్ని తిన్నానో తెలీదు. ప్లేటు ఖాళీ అయ్యాక ఆపాను.

"ఎలా ఉన్నాయి?"

"బావున్నాయి."

"నిజం చెప్పు, ఏం అనుకోను."

"ఉప్పు తక్కువైంది."

"ఉప్పే కదా!" అన్నాడు. పెద్ద గండం గడిచినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాన్నా."

"ఊఁ?"

నావైపే చూస్తున్నాడు. కనుబొమ్మ మీద మైదా ఉంది. ప్లేటు కింద పెట్టేశాడు.

"చట్నీ ఇంకొంచెం వెయ్యి."

వేశాడు. మోమోలు అయిపోయాయి కదా, ఉత్త చట్నీ వేలితో నాకాను. కారంగా ఉందని కళ్లు చెప్పాయి, నాలిక్కేమీ తెలీలేదు.

నాలుగున్నరకి నేను బ్యాగు సర్దుకుంటుంటే నాన్న సింకు దగ్గర రేకులు తోముతున్నాడు. మొదటి వాయి మైదా గుంటల్లో ఎండిపోయి రావడం లేదు.

"సహస్రా, వీటితో లాభం లేదు. నా ఫోన్ తియ్యి. మోమోల కోసమే వేరే స్టీమర్ ఉంటుందట, నిన్న రాత్రి చూసి పెట్టాను. చిన్నదొకటి, పెద్దదొకటి. ఏది తీసుకుందాం?"

ఫోన్ తీశాను. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

"నువ్వే చెప్పాలి. నువ్వే కదా తినేది," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "వారం వారం చేసుకుంటాం అనుకుంటే పెద్దదే నయం. ఏమంటావ్?"

కొళాయి నీళ్లు పడుతూనే ఉన్నాయి. నాన్న చేతులు ఆగాయి.

"పెద్దదే తీసుకుందాం," అన్నాను.

"ఐతే నొక్కెయ్ రా. నా చేతులకి సబ్బుంది."

కింద సన్నటి అక్షరాల్లో, ఏడు రోజుల్లోపు వాపసు ఇవ్వొచ్చని ఉంది.

అది చదివాకే నొక్కాను.