పునీతుడి సీటు

"ఆగండి! ఆ సీట్లో కూర్చోకండి!"

చేతిలో నూనె సీసాతోనే మరిక్కూ బస్సు మెట్టెక్కింది.

స్టీరింగ్ పట్టుకుని కూర్చోబోతున్న ముసలాయన అలాగే ఆగిపోయాడు.

"ఎందుకమ్మా?"

"అది పునీత మామాస్ సీటు. మా చర్చి ఫాదర్ కూడా కూర్చోడు."

ఆయన స్టీరింగ్ వదిలాడు. వదలడానికి కాస్త సమయం పట్టింది.

ఊరి చివర కళ్ళంలో ఉంది ఆ పాత బస్సు. చక్రాలు మట్టిలో దిగిపోయాయి. ఎండకి పచ్చరంగు వెలిసిపోయింది. లోపల మాత్రం రోజూ తుడిచినట్టే ఉంటుంది. ముందు అద్దం దగ్గర ఒక దీపం. పైన తాడుకి వేలాడుతూ మైనపు చేతులు, కాళ్ళు, పసిపిల్లల బొమ్మలు. ఒళ్ళు బాగుపడినవాళ్ళు కట్టిన మొక్కులు.

ఆ దీపం వెలిగించే హక్కు మరిక్కూది. ఇంకెవర్నీ వెలిగించనివ్వదు.

"మీ ఇల్లు కింద తుర్కు పేటలోనా?" అని అడిగింది.

ఆయన మాట ఆ ఊరిదే. కాస్త తుప్పు పట్టింది, అంతే. దేశాన్ని రెండుగా చీల్చిన హద్దు దగ్గర దారులు తెరిచాక, అవతలికి వెళ్ళిపోయిన తుర్కులు అలా వస్తూనే ఉన్నారు. ఇల్లు చూసుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు, వెళ్ళిపోతారు.

"అవునమ్మా, చూసొచ్చాను. కప్పు లేదు. వంటింట్లో అంజూరపు చెట్టు మొలిచింది."

"అయ్యో. రండి, నోరు తీపి చేసుకోండి."

ఎదురుగా ఉన్న మరిది తోఫిస్ కాఫీ కొట్టులో కూర్చోబెట్టి, పాకంలో ఊరిన అక్రోటుకాయ, గ్లాసుడు చన్నీళ్ళు తెచ్చిపెట్టింది.

"పటాల్లో మామాస్ సింహం మీద కదా తిరిగేది? ఆయనకి బస్సెందుకమ్మా?" అన్నాడాయన.

తోఫిస్ పకపకా నవ్వాడు. "అలా అడగండి పెద్దాయనా! లైసెన్సు ఎవరిచ్చారో చెప్పమని మా వదినని నేనూ ఎప్పట్నుంచో అడుగుతున్నా."

"నువ్వు నోరు మూసుకో తోఫిస్. ఆ బస్సు చూడ్డానికి జనం రాకపోతే నీ కొట్టులో కాఫీ తాగేది ఈగలే."

మరిక్కూ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆ కథ చెప్పడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

"ఊరు రెండు ముక్కలైన చలికాలం. మోకాలి లోతు మంచు. ఒక పిల్లకి గొంతు పూడుకుపోయింది, ఊపిరాడటం లేదు. దారి పొడుగునా తుపాకులు. ఒక మలుపులో మావాళ్ళు, ఇంకో మలుపులో మీవాళ్ళు. మా డ్రైవరు మంచం కిందనుంచి బయటికి రాలేదు. తల్లి పిల్లని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. అప్పుడు ఈ బస్సు వచ్చి ఆమె ముందు ఆగింది."

"ఎవరు నడిపారు?"

"ఇంకెవరు, మామాస్! తల మీంచి గొర్రెలకాపరి కంబళి. దారంతా ఒక్కమాట లేదు. నికోసియా ఆసుపత్రి గుమ్మంలో దించేశాడు. తెల్లారేసరికి బస్సు ఈ కళ్ళంలో ఉంది. తాళంచెవి లేదు. ఆయనతోనే పైకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఈ బండిని ఎవరూ ముట్టుకోలేదు."

"తల్లి ఆయన ముఖం చూడలేదా?"

"చూసింది. మామాసేనని శిలువ మీద ప్రమాణం చేసి చెప్పింది. ఎవరెవరో వచ్చి గుచ్చి గుచ్చి అడిగారు. పోయేదాకా అదే మాట."

ముసలాయన చెంచా కింద పెట్టాడు.

"గట్టి మనిషి" అన్నాడు మెల్లగా. "మరి ఆ పిల్ల? బతికిందా?"

"మీ ముందు కూర్చున్నది ఎవరనుకున్నారు!"

ఆయన ఆమెని పైనుంచి కింది దాకా చూశాడు. ముఖమంతా నవ్వయింది.

"బాగా పెరిగావు."

"బాగుంది! అరవై దాటాయి. ఇంకా పెరగమంటారా?"

తోఫిస్ మళ్ళీ నవ్వాడు. మరిక్కూ మాత్రం నవ్వలేదు.

"నాకు ఒక్కటే కోరిక పెద్దాయనా. ఆయన చేతులు పట్టుకుని, నీ వల్లే బతికానయ్యా అని చెప్పాలి. రోజూ దీపానికి చెబుతూనే ఉన్నా. దీపానికి చెబితే తృప్తేముంది? ఎదురుగా చెప్పాలి."

"చెప్పావుగా అమ్మా. వినే ఉంటాడు."

రోడ్డు మీద టాక్సీ హారన్ మోగింది. ఆయన లేచాడు.

"నేనూ ఒక మొక్కు కట్టనా?"

"మామాస్ అందరివాడు. కట్టండి. సీటు మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకోను."

మొక్కు కట్టేవాళ్ళని చూడకూడదు. చూస్తే అది ఫలించదని ఆ ఊరి నమ్మకం. మరిక్కూ వీపు తిప్పి, కొండల వైపు చూస్తూ నిలబడింది. వెనక బస్సు మెట్టు ఒకసారి కిర్రుమంది. కాసేపటికి ఇంకోసారి.

"వెళ్ళొస్తాను చెల్లీ."

"మళ్ళీ రండి. అక్రోటుకాయలు ఎప్పుడూ ఉంటాయి."

టాక్సీ మలుపు తిరిగింది.

చీకటి పడుతుంటే మరిక్కూ దీపం వెలిగించింది. మైనపు చేతుల మధ్య ఏదో తళుక్కుమంది. చేతిరుమాలు అంచుతో కట్టిన ఇనప ముక్క. అరిగిపోయింది. ఒక్క చుక్క తుప్పు లేదు. ఇన్నేళ్ళూ ఎవరో నూనె రాసి దాచినట్టుంది.

ముడి విప్పింది. మెట్టు మీద నిలబడే వంగి, స్టీరింగ్ పక్కనున్న కన్నంలో పెట్టింది.

తాళంచెవి లోపలికి వెళ్ళింది. తిరిగింది.

ఆమె బయటికి పరిగెత్తి చూసింది. రోడ్డు మీద దుమ్ము కూడా లేదు. పేరైనా అడగలేదు తను.

"ఎవరి మొక్కు వదినా అది?" కొట్టులోంచి తోఫిస్ కేకేశాడు.

మరిక్కూ తాళంచెవిని గుండెకి అదుముకుంది.

"నేను ఆ సీట్లో కూర్చోనివ్వలేదే, ఆయనది."